ఖాళీగా గిరగిరా, బట్టలేస్తే గుయ్‌గుయ్: వాషింగ్ మెషిన్ మోటారు మీద పాఠకుల ప్రశ్నలు

"మెషిన్ లోడు లాగడం లేదు" అంటూ మొదలయ్యే ఉత్తరాలు ఈసారి చాలా వచ్చాయి. రాసినవాళ్లలో సగం మందికి అప్పటికే ఎవరో ఒకరు "మోటారు పోయింది" అని తేల్చేశారు. దయచేసి కొంచెం ఆగండి. మోటారు మార్చడం అన్నిటికన్నా చివర చేయాల్సిన పని, దానికి ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, అందులో కొన్ని మీరే చూసుకోవచ్చు. వెనక మూత విప్పేముందు ప్లగ్గు సాకెట్లోంచి బయటికి లాగేయండి, స్విచ్చి ఆపితే చాలదు. మెషిన్ నడుస్తుండగా మీటరు పెట్టి చూడాల్సినవి మాత్రం ఆ పని అలవాటున్నవాళ్లకే వదిలేయండి.

ప్రశ్న: మాది సెమీ ఆటోమేటిక్, కొని ఏడేళ్లయింది. నీళ్లు మాత్రమే పోసి తిప్పితే బాగానే తిరుగుతోంది. నాలుగు జతలు వేసేసరికి గుయ్‌మని మూలిగి ఆగిపోతోంది. లోపల అడుగున తిరిగే పల్సేటర్ చక్రాన్ని చేత్తో కాస్త కదిపితే మళ్లీ అందుకుంటోంది. మెకానిక్ వచ్చి రెండు నిమిషాలు చూసి మోటారు మార్చాలన్నారు. నిజంగా మోటారే పోయిందా?

జవాబు: పోయి ఉండకపోవచ్చు. ముందు ఒక మాట, కరెంటు ఉండగా లోపల చెయ్యి పెట్టడం ఇంకెప్పుడూ చేయకండి. అయితే మీరు రాసినదాంట్లో నాకు దొరికిన అసలు ఆధారం ఆ ముక్కే. తోస్తే అందుకునే మోటారు మామూలుగా వైండింగు (లోపలి తీగ చుట్ట) కాలిపోయిన మోటారు కాదు, చాలాసార్లు దాని కెపాసిటర్ నీరసించి ఉంటుంది. మెకానిక్కులు కండెన్సర్ అంటారు, రెండూ ఒకటే.

ఉతికే వైపు మోటారులో రెండు వైండింగులు ఉంటాయి. ఇంటికి వచ్చే సింగిల్ ఫేజ్ కరెంటు ఒక్క వైండింగులోకే వెళ్తే అయస్కాంత బలం అటూ ఇటూ ఊగుతుందే గానీ గుండ్రంగా తిరగదు, దాంతో మధ్యలో ఉన్న రోటర్ ఎటూ కదల్లేక అక్కడే నిలబడి మూలుగుతుంది. రెండో వైండింగులోకి వెళ్లే కరెంటుని కెపాసిటర్ కాస్త ముందుగా పంపిస్తుంది. ఒకటి ముందు, ఒకటి వెనక రావడం వల్లే అయస్కాంత క్షేత్రం తిరుగుతుంది, దాన్ని పట్టుకుని రోటర్ తిరుగుతుంది. కెపాసిటర్ బలం తగ్గితే ఆ తిప్పే శక్తి తగ్గుతుంది. ఖాళీగా తిరగడానికి ఆ కొంచెం సరిపోతుంది, తడిసిన బట్టలు అడ్డం పడితే సరిపోదు.

కెపాసిటర్ ఒక్క రోజులో చావదు, అందుకే ఇది ఇంత మందిని మోసం చేస్తోంది. లోపల ప్లాస్టిక్ ఫిల్మ్ మీద చాలా పల్చటి లోహపు పూత ఉంటుంది. వోల్టేజి దెబ్బకి ఎక్కడైనా సూదిమొనంత చిల్లు పడితే, ఆ చిల్లు చుట్టూ ఉన్న పూత ఆవిరైపోయి షార్ట్ తనంతట తానే తెగిపోతుంది. మంచి ఏర్పాటే, కానీ పూత పోయినంత మేరా సామర్థ్యం పోయినట్టే. ఏళ్ల తరబడి అలా తరిగి తరిగి, పైకి కొత్తదానిలా మెరుస్తూనే లోపల సగానికి వచ్చేసిన కెపాసిటర్లు చాలా చూశాను. పైభాగం ఉబ్బినా, నూనెలాంటిది కారినా చూడగానే తెలుస్తుంది. ఉబ్బలేదు కాబట్టి బాగుంది అనుకోవడమే తప్పు.

కొలవడం కష్టం కాదు. ప్లగ్గు తీశాక కూడా కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉంటుంది, గట్టిగానే కొడుతుంది. కాబట్టి 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి ఇన్సులేషన్ ఉన్న పట్టుకారుతో పట్టుకుని రెండు టెర్మినళ్లకీ కొన్ని సెకన్లు ఆనించి, మీటరులో వోల్టేజి సున్నా అయ్యిందని చూసుకున్నాకే వైరు ఊడదీయండి. తర్వాత కెపాసిటర్ కొలిచే మల్టీమీటరుతో చూడండి. దాని ఒంటిమీద 10 మైక్రోఫారడ్‌లు, ప్లస్ లేదా మైనస్ 5 శాతం అని ఉంటే మీటరులో 9.5 నుంచి 10.5 మధ్య రావాలి. 7 వచ్చిందంటే దొంగ దొరికినట్టే. కొత్తది అదే మైక్రోఫారడ్‌లది వేయండి, వోల్టులు మాత్రం పాతదానితో సమానంగానో ఎక్కువగానో ఉండాలి. "10 ఉన్నచోట 15 పెడితే ఇంకా బాగా లాగుతుంది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, రెండో వైండింగులో కరెంటు పెరిగి ఆ మోటారు నిజంగానే కాలిపోతుంది.

కెపాసిటర్ సరిగ్గానే ఉందనుకోండి. అప్పుడు వోల్టేజి చూడాలి, అదీ మెషిన్ ఆగి ఉన్నప్పుడు కాదు, మోటారు మూలుగుతున్న ఆ క్షణంలో. ఇలాంటి మోటారు తిప్పే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి మారుతుంది. 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తే వోల్టేజి తగ్గింది ఐదో వంతే కదా అనిపిస్తుంది, కానీ తిప్పే శక్తి దాదాపు 61 శాతానికి పడిపోతుంది. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు, వదులైన సాకెట్, ఎక్కడో న్యూట్రల్ లూజు, వీటిలో ఏదైనా ఇంత పని చేస్తుంది. ప్లగ్గు పిన్నులు తీసిన వెంటనే తాకి చూస్తే వేడిగా ఉన్నా, సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ ఉన్నా ముందు ఆ సాకెట్ మార్పించండి.

ఇక బెల్టు. ఇక్కడ చెవి సాయం చాలు. బట్టలు వేసి తిప్పినప్పుడు మోటారు హుషారుగా తిరుగుతున్న శబ్దం వస్తూ పల్సేటర్ మాత్రం నిలబడిపోతే బెల్టు జారుతోంది. మోటారు కూడా నిలబడి మూలిగితే బెల్టు తప్పు కాదు. జారే బెల్టు కింద నల్లటి రబ్బరు పొడి రాలుతుంది, పక్కలు అద్దంలా నున్నబడతాయి, కాలిన రబ్బరు వాసన వస్తుంది. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు సెంటీమీటరు లోపలికి పోవాలి. మరీ బిగించినా నష్టమే, ఆ లాగుడంతా బేరింగు మీద పడి మోటారుకి కొత్త లోడు తయారవుతుంది.

చివరగా ఒకసారి బెల్టు తీసేయండి, ఈ పరీక్ష నాకు చాలా ఇష్టం. పెద్ద పుల్లీని చేత్తో తిప్పితే మెత్తగా తిరగాలి, పట్టుకుపోతుంటే గేర్‌బాక్సులోకి నీళ్లు దిగి తుప్పు పట్టి ఉండొచ్చు, లేదా పల్సేటర్ కింద ఏదో ఇరుక్కుని ఉండొచ్చు. మా ఇంటి మెషిన్ ఇలాగే మూలుగుతుంటే కెపాసిటర్ మార్చినా తగ్గలేదు. పల్సేటర్ మధ్య స్క్రూ తీసి పైకి లాగితే, పిల్లల సాక్సులోంచి ఊడిన ఎలాస్టిక్ దారం షాఫ్టు చుట్టూ బిగుసుకుని, సబ్బు మురికి పట్టి నల్లటి ఉంగరంలా ఉంది. బ్లేడుతో కోసి తీయడానికి పావుగంట పట్టింది, ఆ తర్వాత అదే మోటారు, అవే బట్టలు, చుక్క శబ్దం లేదు.

బెల్టు లేకుండా మోటారు ఒక్కటే బాగా తిరిగింది కాబట్టి మోటారు బాగుంది అని మాత్రం తేల్చేయకండి. ఖాళీ మోటారు నీరసంగా ఉన్నా తిరుగుతుంది. లోడు మీద ఎంత కరెంటు తీసుకుంటోందో క్లాంప్ మీటరుతో (వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచేది) చూసి మోటారు మీద అతికించిన రేకు మీది అంకెతో పోల్చాలి. మీ మెకానిక్‌ని నేను తప్పుపట్టడం లేదు, కానీ మోటారు మార్చేముందు కెపాసిటర్ రీడింగ్ ఎంత వచ్చిందో చెప్పమని అడగండి. అడగడం మీ హక్కు.

ప్రశ్న: మా మెషిన్ ఒకవైపు తిరిగేటప్పుడు బట్టల్ని బాగా లాగుతోంది, రెండోవైపు తిరిగేటప్పుడు నీరసంగా ఉంటోంది, ఒక్కోసారి తిరగనే తిరగదు. కెపాసిటర్ కొత్తది వేయించాం. తేడా లేదు.

జవాబు: కెపాసిటర్ రెండు దిశలకీ ఒకటే, కాబట్టి దాని తప్పయితే రెండువైపులా నీరసం రావాలి. మీది టైమర్ కాంటాక్టు కాలిపోవడమో, రెండు వైండింగుల్లో ఒకటి దెబ్బతినడమో అయ్యుండాలి. ఉతికే మోటారులో రెండు వైండింగులూ ఒకేలా చుడతారు, టైమర్ కరెంటుని ఒకసారి దీనికీ ఒకసారి దానికీ నేరుగా ఇచ్చి దిశ మారుస్తుంది.

ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. మోటారు నుంచి మూడు వైర్లు వస్తాయి, ఒకటి కామన్, మిగతా రెండూ టైమర్ నుంచి వచ్చే రెండు వైర్లకి కలుస్తాయి. ప్లగ్గు తీసి, కెపాసిటర్ డిశ్చార్జ్ చేసి, కామన్‌ని ముట్టుకోకుండా ఆ రెండిటినీ తారుమారు చేసి కలపండి, కెపాసిటర్ మాత్రం ఎప్పట్లాగే ఆ రెండు వైర్ల మధ్యే ఉండాలి. ఇప్పుడు మళ్లీ లోడుతో తిప్పండి. ఇదివరకు కుడివైపు నీరసంగా ఉన్నది ఇప్పుడు ఎడమవైపుకి మారితే తప్పు టైమర్‌ది. అలాగే కుడివైపే ఉండిపోతే మోటారుది. మోటారు అని తేలితే ఓమ్స్‌లో చూసి నిర్ధారించుకోవచ్చు: కామన్ నుంచి ఒక వైండింగు 20 ఓమ్‌లు వస్తే రెండోదీ దాదాపు 20 రావాలి, ఆ రెండు చివరల మధ్య 40 రావాలి. ఒకటి 20, ఒకటి 14 వచ్చిందంటే తక్కువ వచ్చిన వైండింగులో చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

టైమర్ అయితే మీ అదృష్టం. టైమర్ మార్చుకుంటే చాలు.

ప్రశ్న: ఉతికే వైపు బాగుంది, ఆరబెట్టే స్పిన్ వైపే బట్టలేస్తే గుయ్‌మంటోంది. కాసేపటికి కాలిన వాసన. మోటారేనా?

జవాబు: కాలిన వాసన అంటున్నారు కాబట్టి ఇది చదవడం ఆపి వాడకం ఆపండి, తర్వాత చదవండి.

స్పిన్ మూత తెరిస్తే టబ్బు టక్కున ఆగడానికి కింద ఒక బ్రేకు ఉంటుంది. మూత మూసినప్పుడు సన్నటి వైరొకటి ఆ బ్రేకుని లాగి పట్టుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ వైరు సాగుతుంది, లేదా కొక్కెం దగ్గర ఊడుతుంది, అప్పుడు మూత మూసినా బ్రేకు పూర్తిగా వదలదు. మోటారు పాపం బ్రేకు మీదే తిరగడానికి ప్రయత్నిస్తూ వేడెక్కుతుంది, మీకొచ్చిన వాసన ఆ బ్రేకు ప్యాడుదే అయ్యుండొచ్చు. ప్లగ్గు తీసి, మూత మూసి ఉంచి, వెనక రేకు విప్పి, మోటారునీ టబ్బునీ కలిపే కప్లింగ్ దగ్గర చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. ఒరుసుకుంటుంటే బ్రేకు వైరు బిగించాలి. బ్రేకు పూర్తిగా వదులుతున్నా మూలిగితే అప్పుడు స్పిన్ కెపాసిటర్ కొలవండి. స్పిన్ మోటారు వైండింగులు రెండూ సమానంగా ఉండవు, పై జవాబులో చెప్పిన ఓమ్‌ల లెక్క దీనికి వాడొద్దు.

ఇంకొకటి, టబ్బుకీ బయటి గోడకీ మధ్య చేతిరుమాలు జారిపడినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. టార్చిలైటు వేసి చూడండి.

ప్రశ్న: మాది ఫ్రంట్ లోడ్. ఉతుకుతుంది, కానీ స్పిన్‌కి వచ్చేసరికి వేగం అందుకోలేక ఆగిపోతోంది. రెండు మూడు బట్టలైతే ఇబ్బంది లేదు. కెపాసిటర్ మార్చమని ఒకరు చెప్పారు, మార్చాలా?

జవాబు: ముందు మీది ఏ రకం మోటారో తెలుసుకోండి. పాత ఫ్రంట్ లోడ్ మెషిన్లు చాలావాటిలో కార్బన్ బ్రష్‌లున్న యూనివర్సల్ మోటారు ఉంటుంది, దానికి రన్ కెపాసిటర్ ఉండదు, కాబట్టి ఆ సలహా పనికిరాదు. ఇన్వర్టర్ మోటారు అని రాసి ఉంటే దానికి బ్రష్‌లూ ఉండవు, అందులో బోర్డు చూపించే ఎర్రర్ కోడ్‌ని బట్టి వెళ్లాలి.

బ్రష్‌ల మోటారు అయితే నా అనుమానం వాటి మీదే. బ్రష్ అంటే పెన్సిల్ ముక్కంత కార్బన్, స్ప్రింగు దాన్ని కమ్యుటేటర్ (షాఫ్టుతోపాటు తిరిగే రాగి పట్టీల వలయం) మీదకి నెట్టి పట్టుకుంటుంది. అరిగి పొట్టిదయ్యేకొద్దీ స్ప్రింగు నెట్టే బలం తగ్గి, స్పిన్‌లో మోటారు ఎక్కువ కరెంటు అడిగే సమయానికి బ్రష్ గెంతుతుంది, నిప్పురవ్వలు వస్తాయి. తీసి చూడండి, సెంటీమీటరు కంటే తక్కువ మిగిలితే రెండూ కలిపి మార్చండి, ఒక్కటే మార్చొద్దు. కొత్తవి కమ్యుటేటర్ వంపుకి అరిగి సర్దుకునేదాకా కాస్త శబ్దం, కొద్దిగా రవ్వలు మామూలే. బ్రష్‌లు తీసినప్పుడు ఆ రంధ్రంలోంచి రాగి పట్టీలు కూడా చూడండి. అన్నీ ఒకే లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు, ఒకటి రెండు పట్టీలు మాత్రమే నల్లగా కాలి ఉంటే ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) వైండింగు దెబ్బతింది, బ్రష్‌లు మార్చినా ఎక్కువ కాలం నిలవదు.

బ్రష్‌లు బాగుంటే మోటారు తోక దగ్గరుండే టాకో చూడండి. చిన్న అయస్కాంతం, దాని చుట్టూ చిన్న కాయిల్, అంతే. వేగం ఎంతుందో బోర్డుకి చెప్పేది అదే. అయస్కాంతం వదులైనా, కాయిల్ వైరు తెగినా బోర్డుకి లెక్క అందదు, ప్రోగ్రాం ఆపేస్తుంది.

మెషిన్ విప్పే ముందు ఇంకో రెండు విషయాలు. సబ్బుపొడి ఎక్కువైతే డ్రమ్ముకీ బయటి టబ్బుకీ మధ్య నురగ నిండిపోయి స్పిన్‌లో డ్రమ్మును పట్టుకుంటుంది, మోటారు ఎంత బలంగా ఉన్నా దాన్ని దాటలేదు. స్పిన్ ఆగినప్పుడు తలుపు అద్దంలోంచి నురగ కనిపిస్తుంటే ఒకసారి బట్టలు లేకుండా, సబ్బు లేకుండా వేడినీళ్ల ప్రోగ్రాం నడపండి. రెండోది, ఒకే ఒక్క బరువైన దుప్పటి వేస్తే అది ఒకపక్కకి చేరి డ్రమ్ము ఊగుతుంది, బోర్డు కావాలనే స్పిన్ ఆపుతుంది. అది నీరసం కాదు, జాగ్రత్త. దుప్పటితోపాటు మరో రెండు తువ్వాళ్లు వేసి చూడండి.

ప్రశ్న: పోయిన ఏడాది మోటారు రీవైండింగ్ చేయించాం. అప్పటినుంచి పావుగంట ఉతికాక ఆగిపోతోంది, అరగంట వదిలేస్తే మళ్లీ దానంతట అదే తిరుగుతోంది. టెన్షన్‌గా ఉంది, ఇలాగే వాడొచ్చా?

జవాబు: వాడొద్దు. మోటారు వైండింగులో ఉండే థర్మల్ ప్రొటెక్టర్ వేడికి తెగి, చల్లారాక మళ్లీ కలుస్తోంది. అది మిమ్మల్ని కాపాడుతోంది, కానీ రోజూ తెగి కలిసే పని దానిది కాదు, ఏదో ఒకరోజు దాని కాంటాక్టులు అతుక్కుపోతే ఇక ఆపేవాళ్లుండరు. కొందరు దాన్ని తీసేసి నేరుగా కలిపేస్తామంటారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోకండి.

రీవైండింగ్ తర్వాతే మొదలైంది కాబట్టి చుట్టేటప్పుడు రాగి బదులు అల్యూమినియం తీగ వాడారేమో అడగండి. అల్యూమినియం విద్యుత్ వాహకత రాగిలో సుమారు 60 శాతమే, అదే మందం తీగకి నిరోధం ఎక్కువ, కాబట్టి అదే లోడుకి ఎక్కువ వేడెక్కుతుంది. చుట్లు తక్కువ వేసినా, తీగ మందం తగ్గించినా ఇంతే. బిగించేటప్పుడు షాఫ్టుని పట్టి ఉంచే బుష్‌లు వంకరగా కూర్చున్నా షాఫ్టు బిగుసుకుంటుంది, ప్లగ్గు తీసి చేత్తో తిప్పి వదిలితే నాలుగు చుట్లయినా తిరిగి ఆగాలి. చేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి లోడు మీద కరెంటు కొలిపించండి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) బాడీకి లీకేజీ కూడా చూడమనండి. కనీసం 1 మెగా ఓమ్ రాకపోతే ఆ మోటారు ఇంట్లో పెట్టుకోవద్దు.

ప్రశ్న: నీళ్లు ఆదా అవుతాయని సగం మట్టం వరకే పోసి బట్టలు నిండుగా వేస్తున్నాం. మోటారు మూలుగుతోంది. దీనికీ దానికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది. పల్సేటర్ మెషిన్‌లో బట్టలు నీళ్లలో తేలుతూ తిరగాలి. నీళ్లు తక్కువైతే తడిబరువంతా ముద్దలా పల్సేటర్ మీద కూర్చుంటుంది, దాన్ని మోటారు దొర్లించాల్సి వస్తుంది. నీళ్లు సగం పోస్తే బట్టలూ సగమే వేయండి. మెషిన్ మీద రాసిన కిలోలు పొడి బట్టల బరువు, అదీ మామూలు నూలు బట్టలకి. జీన్సు, తువ్వాళ్లు నీళ్లు బాగా పీలుస్తాయి, వాటికి ఇంకా తగ్గించుకోండి.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ మీద నడిపితే మెషిన్ వేరే రకంగా శబ్దం చేస్తూ నీరసంగా తిరుగుతోంది. కరెంటు వస్తే మామూలే. మోటారుకి ప్రమాదమా?

జవాబు: మీ ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం అయ్యుంటుంది. కెపాసిటర్‌తో నడిచే మోటారుకి నున్నటి సైన్ వేవ్ కావాలి. మెట్లు మెట్లుగా వచ్చే కరెంటులో తిప్పే శక్తిగా మారకుండా వేడిగానే పోయే భాగం ఎక్కువ, ఆ గరగర శబ్దం దానిదే, కెపాసిటర్‌కి కూడా అది మంచిది కాదు. ఒకసారి నడిపితే ఏమీ కాదు గానీ రోజూ అలాగే నడిపితే ఈ పేజీలో మొదటి ఉత్తరం మీరు రాయాల్సి వస్తుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉండి, దాని సామర్థ్యం మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకి సరిపోతే నడుపుకోవచ్చు. లేదంటే కరెంటు వచ్చేదాకా బట్టలు సబ్బునీళ్లలో నాననివ్వండి.